బావగారి ఆవుకి జ్వరం రాదు

పగ అనే మాట మా ఇళ్ళలో ఆడవాళ్ళు పైకి అనరు. కష్టం వేసిందంటారు, మనసు విరిగిందంటారు, మరీ కోపమొస్తే ఆ పూట అన్నం మానేస్తారు. నేను అన్నం మానలేదు. పగ పట్టాను. అదీ బయటివాళ్ళ మీద కాదు, నా భర్తకి స్వయానా అన్నగారి మీద. మా గోడా వాళ్ళ గోడా ఒకటే. వాళ్ళింట్లో తద్దినమైతే పొద్దున్నే వెళ్ళి వంటలో చెయ్యి వేస్తాను. ఆయన ఎదురొస్తే పక్కకి తప్పుకుని దారిస్తాను. ఇవన్నీ చేస్తూనే పగ పట్టాను. కారణం మా ఆవు.

మాది కొత్తపేట దగ్గర పల్లె. మామగారు పోయాక ఇల్లు రెండు వాటాలైంది గానీ వెనక కొబ్బరితోట మాత్రం ఉమ్మడిగానే ఉండిపోయింది. మా వైపు పశువుని అస్తమానం కొట్టంలో ఉంచరు. వానలు లేనన్నాళ్ళూ తోటలో కొబ్బరిచెట్టు మొదట్లో కట్టేస్తారు. పేడా పంచితం ఆ పాదులోనే పడతాయి, చెట్టుకి బలం. కొన్నాళ్ళు కాగానే తాడు విప్పి పక్క చెట్టుకి మారుస్తారు. అలా వరసలు తిప్పుకుంటూ వస్తే తోటంతటికీ ఎరువు అందుతుంది. రెండిళ్ళ పశువులుంటే పెద్దవాళ్ళ పశువు ముందు. బావగారి ఆవు ఒక వరస ముగించి ముందుకి వెళ్ళాక, ఆ వరసలోకి మా ఆవు వెళ్ళాలి. ఇది ఎవరు పెట్టిన పద్ధతో ఎవరికీ తెలీదు, ఎవరూ అడగలేదు. పంక్తిలో పెద్దాయనకి ముందు వడ్డించమని మాత్రం ఎవరు చెప్పారు?

బావగారు రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన ఆవు నాటు ఆవు, తెల్లగా, పొట్టిగా, మెడ కింద గంగడోలు ఊగుతూ చూడ్డానికి ముచ్చటగా ఉండేది. దాని పాలు రోజూ పొద్దున్న ఊళ్ళో శివాలయానికి అభిషేకానికి వెళ్ళేవి. అందుకని దాన్ని అందరూ దేవుడి ఆవనేవాళ్ళు. మా ఆవు జెర్సీ క్రాసు. పిల్లలు హాస్టళ్ళకి వెళ్ళిపోయాక చేతులు ఖాళీగా ఉంచుకోలేక తెచ్చుకున్నాను. రావులపాలెం అవతల ఒక షెడ్డులో సిమెంటు నేల మీద పెరిగిన ఆవది. మా ఇంటికొచ్చేసరికి నిండు చూలు. వచ్చిన కొద్దిరోజులకే ఈని పెయ్యదూడని పెట్టింది. ఆ ఆవు పేరు ఇక్కడ రాయను. ఆ పేరు పెట్టి పిలిస్తే తోట చివర్నుంచి అరిచేది, అంతవరకు చాలు.

దూడ గడ్డి కొరకడం నేర్చుకున్న రోజుల్లో ఆవు మేత మానేసింది. చెవులు కాలిపోతున్నాయి. ఎండదెబ్బ అనుకుని గోనెసంచి తడిపి వీపు మీద కప్పాను. బావగారు గోడ మీంచి చూసి దిష్టి అన్నారు. మర్నాటికి అది పోసే పంచితం చిక్కటి కాఫీ డికాషన్ రంగులో ఉంది. మావారు ఫోన్ చేస్తే పశువుల డాక్టరమ్మ స్కూటీ మీద వచ్చింది. చిన్నపిల్ల, మా అమ్మాయి కంటే కొంచెం పెద్దదేమో. ఆవు కింది రెప్ప లాగి చూసింది. లోపల తెల్లగా పాలిపోయి ఉంది. తోక ఎత్తి, తొడల సందున, చెవుల వెనకా వేళ్ళతో తడిమింది.

"గోమార్లు ఇన్ని పట్టేయేంటండీ?" అంది.

గోమార్లంటే పశువుల రక్తం తాగే పురుగులు, కొన్ని చోట్ల పిడుదులంటారు. తాగక ముందు నువ్వుగింజంత కూడా ఉండవు, తాగేక చిక్కుడు గింజల్లా ఉబ్బుతాయి. ప్రతి ఆవుకీ ఉంటాయిగా అనుకుని నేను పెద్దగా పట్టించుకోలేదు. డాక్టరమ్మ పరీక్షకి రక్తం తీసుకుంది, ఇంజక్షన్ చేసింది, సెలైన్ పెట్టింది. ఆలస్యమైందని ముఖం మీదే చెప్పింది. మర్నాడు మధ్యాహ్నం ఆవు నా ఒళ్ళో తల పెట్టుకుని పోయింది. నేను ఏడిచిన ఏడుపు మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు. ఈ మాట అన్నందుకు మా చెల్లెలికి ఇప్పటికీ కోపం.

తోటలోనే గొయ్యి తీసి పూడ్చారు. ఊళ్ళోవాళ్ళు నలుగురు నిలబడి ఉన్నారు. బావగారు చేతులు వెనక్కి కట్టుకుని గొయ్యి వైపు చూస్తూ, అందరికీ వినపడేలా అన్నారు.

"జెర్సీ జాతంటే అంతేనమ్మా. ఎంత పాలిస్తే ఏం, ఒంట్లో ఓపికుండదు. ఈ ఊరి గాలికే పడిపోతాయి. మా ఆవుని చూడు, పుట్టి బుద్ధెరిగి జ్వరమన్నది ఎరగదు."

ఎవరో ఆయ్, నిజమే అన్నారు. నా చీర నిండా ఇంకా ఆవు నురగ ఉంది. నా పగ మొదలైంది అక్కడే.

వారం తిరిగేలోపు డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి ఆవు కోసం కాదు, తోట చూడ్డానికి. మీ ఆవుకంటే ముందు ఈ చెట్ల దగ్గర ఏ పశువుని కట్టేరని అడిగింది. చెప్పాను. బావగారిని అడిగి ఆయన ఆవు చెవి అంచున సూదితో గుచ్చి, రక్తపుచుక్క గాజు పలక మీద రాసుకుని అమలాపురం ల్యాబుకి తీసుకెళ్ళింది. రెండ్రోజుల తర్వాత మా వరండాలో కూర్చుని విషయం చెప్పింది.

"మీ ఆవు రక్తంలో ఏ క్రిమి ఉందో, మాస్టారి ఆవు రక్తంలోనూ అదే ఉందండీ. చాలా తక్కువ, వెతగ్గా వెతగ్గా ఒకటీ అరా కనపడ్డాయి."

"మరి దానికి జ్వరం రాదేం?"

"నాటు ఆవులు తట్టుకుంటాయండీ. దూడప్పుడే ఎప్పుడో పట్టి తగ్గిపోయుంటుంది. రోగం తగ్గింది గానీ క్రిమి పోలేదు. గోమారి దాని రక్తం తాగి, కడుపు నిండాక చెట్టు మొదట్లో రాలిపోయి, అక్కడే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లలోకీ క్రిమి వెళ్తుంది. పిల్లలు లేచి గడ్డి కొసలెక్కి కూచుంటాయి. ఏ పశువొస్తుందా అని."

"అప్పుడు మా ఆవు వచ్చింది."

"ఆయ్. సిమెంటు నేల మీద పెరిగింది కదండీ, దానికి ఇవేం అలవాటు లేవు."

నేను లేచి వెళ్ళి దొడ్లో నిలబడ్డాను. ఇన్నాళ్ళూ పద్ధతి అనుకుంటూ ఆయన ఆవు వదిలిన చోటికే నా చేతులతో నా ఆవుని నడిపించాను. పెద్దరికానికి ఇచ్చిన మర్యాద నా ఆవుని చంపింది. ఆయన గొప్పగా చెప్పుకున్న ఆరోగ్యం ఉంది చూడండి, ఆ జ్వరం ఎరగని ఆవు, అదే రోగాన్ని ఏడాది పొడుగునా మేపుతోంది. అది జబ్బుపడి ఉంటే ఎప్పుడో మందు వేసేవాళ్ళు.

డాక్టరమ్మా మావారూ వెళ్ళి బావగారికి నచ్చజెప్పారు. నేను గుమ్మం పక్కన నిలబడి విన్నాను. రెండిళ్ళ పశువులకీ క్రమం తప్పకుండా మందు పిచికారీ చెయ్యాలి, కొట్టం గోడలకీ పాదులకీ కొట్టాలి, పాలు కొన్నాళ్ళు వాడకూడదు. ఇంతే ఆ పిల్ల అడిగింది. బావగారు నవ్వారు.

"రోగం లేని ఆవుకి మందేంటమ్మా? గోరింకలు వాలి ఏరుకు తింటాయి, వేపనూనె రాస్తూనే ఉన్నాం. అభిషేకం పాలివి. వాటిల్లో విషం కలపమంటావా? వాళ్ళ ఆవు పోయిందని మా ఆవుకి రోగం అంటగడితే ఎలా?"

అంటగట్టడమట! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు నుంచి నేను ఆయనతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనకేదైనా చెడు జరగాలని కోరుకోలేదని రాస్తే అబద్ధం. గట్టిగా కోరుకున్నాను. ఆ ఆవుకి ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు చెవులు కాలాలి, ఆయన గోనెసంచి తడపాలి అనుకున్నాను. కానీ దానికి రాదు కదా! కోరుకున్నా రాని జబ్బు అది. పైగా ఆ ఆవు నన్ను చూస్తే మోర చాచేది, నా చెయ్యి నాకేది. దాన్ని ద్వేషించడానికి చాలా ప్రయత్నించాను, కుదరలేదు. దాని వాటా కూడా బావగారి ఖాతాలోనే వేశాను.

ఇక నాకు మిగిలింది తల్లిలేని పెయ్య ఒక్కటే. ఎన్నడూ ఇంట్లోకి రాని పాకెట్ పాలు కొనుక్కొచ్చి, గంజిలో కలిపి దానికి పట్టాను. తోటలోకి తీసుకెళ్ళలేదు. కొట్టంలోనే కట్టి, రోజూ ఒళ్ళంతా తడిమి, కనపడ్డ ప్రతి గోమారినీ తీసేదాన్ని. ఇది కూడా పోతే నేను ఆ గోడ పక్కన కాపురం చెయ్యలేనని మావారికి చెప్పాను. బెదిరింపు కాదు, నిజంగానే అనుకున్నాను.

కార్తీకమాసం వచ్చింది. బావగారూ, మా తోడికోడలు అక్కయ్యగారూ ద్రాక్షారామం బయల్దేరారు. వాళ్ళొచ్చేదాకా ఆవుకి మేత వేసి పాలు తీసి గుళ్ళో ఇచ్చే పని నాకప్పగించారు. మాటల్లేకపోయినా పనులు పనులే, అది మా ఇంటి పద్ధతి. ఆయన నా ముఖం చూడకుండా తమ్ముడితో చెప్పారు, నేను తమ్ముడితోనే సరేనన్నాను. వాళ్ళ కారు కాలవగట్టు దాటగానే పిచికారీ పంపులో డాక్టరమ్మ రాసిచ్చిన మందు కలుపుకున్నాను. ముక్కుకి తుండు కట్టుకున్నాను. పట్టపగలు, ఇరుగుపొరుగు చూస్తుండగానే దేవుడి ఆవుకి తలనుంచి తోకదాకా కొట్టాను. గంగడోలు మడతల్లో, చెవుల వెనక, తొడల సందున. చిక్కుడు గింజల్లా ఉబ్బినవాటిని ముందే చేత్తో ఏరి కుంపట్లో వేశాను. నిప్పుల మీద ఒక్కొక్కటీ చిట్లుతుంటే నా ఆవు రక్తం వసూలవుతున్నట్టు అనిపించింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

సాయంత్రం గుడికి వెళ్ళి పూజారిగారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"మందు కొట్టేనండీ. కొన్నాళ్ళు ఆ పాలు స్వామికి పనికిరావు."

"ఆయ్, అలాగేనమ్మా. పాకెట్టు తెప్పిస్తాను," అన్నారాయన.

శివుడికీ నా దూడకీ ఒకే కంపెనీ పాకెట్టు. ఆ ఆలోచనకి దారంతా నవ్వుకుంటూ వచ్చాను.

బావగారు మర్నాడు దిగారు. కొట్టంలో వాసన పట్టేశారు. మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు, గుమ్మం ఎక్కలేదు.

"ఎవర్నడిగి కొట్టేవమ్మా? మా వంశంలో అభిషేకానికి పాలు ఆగిన రోజు లేదు. నీ చేతుల మీదుగా ఆగేయి. నీకు పుణ్యముంటుందా?"

"మా ఆవు పోయినప్పుడు పుణ్యం ఎవరి చేతుల్లో ఉందో అడిగేనా బావగారూ?"

పెళ్ళయినప్పటినుంచీ ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు. మావారు నా వైపు చూసి తల దించుకున్నారు. బావగారు వెళ్ళి పసుపునీళ్ళతో ఆవుని కడిగించారు. పాలు మళ్ళీ గుడికి వెళ్ళడం మొదలైంది. రెండోసారి మందు కొట్టనివ్వలేదు. డాక్టరమ్మ ముందే చెప్పింది, ఒక్కసారి కొడితే ఒంటి మీదవి పోతాయి, మట్టిలోవి మళ్ళీ లేస్తాయి అని. లేచాయి.

తుఫాను వానలు పడి తోటలో గడ్డి ఏపుగా పెరిగింది. పెయ్యని తోటకి పంపలేదు గానీ, పాదుల్లో గడ్డి కోయించి కొట్టంలోకే తెచ్చి వేశాను. గడ్డి కొసల మీద కూచునేవి గడ్డితో పాటే వస్తాయని నాకు తట్టలేదు. ఒకరోజు పెయ్య గంజి దగ్గరికి రాలేదు. చెవి పట్టుకున్నాను, కాలుతోంది. ఎండదెబ్బ, దిష్టి అనే మాటలు ఈసారి నా నోట రాలేదు. ఫోన్ తీసి డాక్టరమ్మకి అరిచినట్టే చెప్పాను. ఆ పిల్ల వచ్చేదాకా పెయ్య మెడ కావలించుకుని కూర్చున్నాను. ఇది పోతే ఏం చెయ్యాలో మనసులో వరసగా అనుకున్నాను. తోట పంచమంటాను. మధ్యలో గోడ కట్టిస్తాను. ఆయన తద్దినాలకీ వ్రతాలకీ ఈ చేత్తో వంట చెయ్యను. ఆయన పోయినా ఆ గుమ్మం తొక్కను. అనుకున్నవన్నీ చేసేదాన్నే.

పెయ్య పోలేదు. ఇంజక్షన్ వేళకి పడింది. చిన్న దూడలు పెద్ద ఆవులకంటే బాగా తట్టుకుంటాయని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. జ్వరం దిగి, అది మొదటిసారి గడ్డిపరక అందుకున్నప్పుడు నేను ఆ పిల్ల చేతులు పట్టుకున్నాను. అప్పుడు ఆమె అంది.

"ఒక్క మాటండీ. ఇది బతికింది గానీ, క్రిమి దీని రక్తంలో ఉండిపోతుంది. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. ఇకనుంచి ఇది కూడా మాస్టారి ఆవులాంటిదే. దీనికేం కాదు, దీని మీద తాగిన గోమారితో పక్కదానికి ప్రమాదం. మందు మాత్రం ఆపకండి."

మాస్టారి ఆవులాంటిదే! ఆ మాట నాకు తిట్టులా తగిలింది. అయినా ఆపలేదు. పెయ్యకి చెప్పిన గడువుల్లో కొడుతూనే ఉన్నాను.

మరుసటి ఏడు బావగారి ఆవు ముసలిదై వట్టిపోయింది. గుడికి పాలు ఆపడం ఆయనకి ప్రాణం పోయినట్టే. నాటు ఆవు కోసం ఐ.పోలవరం దాకా వెతికించారు, పాలిచ్చేది దొరకలేదు. చివరికి ఒకరోజు ట్రాలీ ఆటోలో ఆవు దిగింది. ఎర్రటి జెర్సీ క్రాసు, నున్నగా, అద్దంలా ఉంది. రాజమండ్రి వైపు ఏదో షెడ్డులో పెరిగిందట. అక్కయ్యగారు దానికి పసుపు రాసి బొట్టు పెట్టారు. ఒంట్లో ఓపికుండని జాతి అన్న పెద్దమనిషే తాడు పట్టుకుని మురిసిపోతూ తోటలోకి నడిపించుకొస్తున్నారు. నేను కొట్టం దగ్గరే ఉన్నాను.

నేను నోరు మూసుకుంటే చాలు. నా చెయ్యి పడక్కర్లేదు, నా మాట పడక్కర్లేదు. ఆ మట్టి, ఆ గడ్డి, ఆయన ముసలావు, మా పెయ్య అన్నీ కలిసి నెల తిరక్కుండా నా పగ తీర్చేస్తాయి. ఆయన గొయ్యి పక్కన నిలబడతారు. నేనూ చేతులు వెనక్కి కట్టుకుని ఆ జాతంటే అంతేనండీ అంటాను. ఆ మాట నాలుక చివర తియ్యగా తగిలింది. ఆయన తాడు విప్పి చెట్టుకి ముడి వేస్తున్నారు. కొత్తావు నా వైపు తల తిప్పి అరిచింది. కొత్తచోటు కదా, బెదురు.

కక్ష నాకు ఆయన మీద. ఆవు మీద కాదు.

"బావగారూ, దాన్నక్కడ కట్టకండి," అన్నాను. ఏడాది తర్వాత నేను ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. "మా పెయ్య రక్తంలో ఆ రోగముంది. మీ పాతావులోనూ ఉంది. ఈ తోటలో కడితే ఇది బతకదు."

ఆయన ముడి వెయ్యడం ఆపారు. "నిజం చెబుతున్నావా, కక్షతో అంటున్నావా?"

"రెండూనండీ."

ఆయన ముఖం పాలిపోయింది. అప్పుడే డాక్టరమ్మకి ఫోన్ చేశారు. ఫోన్లో ఆమె ఏమందో నాకు వినపడలేదు గానీ, ఆయన ఆయ్, ఆయ్ అంటూ తాడు చేతికి చుట్టుకుంటూ పోయారు. కొత్తావుని వెనక్కి తిప్పి వాళ్ళ సిమెంటు వసారాలో కట్టారు. గోడ దగ్గరికొచ్చి అడిగారు.

"మీ పంపు ఓసారి ఇస్తావా అమ్మాయ్? కుర్రాళ్ళెవరినైనా పిలిచి కొట్టిస్తాను."

"పంపు ఇస్తానండీ, మందూ ఇస్తాను. కుర్రాళ్ళొద్దు. మీరే కొట్టాలి. ముందు మీ పాతావుకి, తరవాత మా పెయ్యకి. వాకిట్లో కొట్టండి, అందరూ చూస్తారు."

మావారు లోపలినుంచి ఏదో అనబోయారు. నేను చెయ్యెత్తి ఆపాను. బావగారు ఉత్తరీయం తీసి ముక్కుకి కట్టుకున్నారు.

ఆయన పంపు మొయ్యడం నేనెప్పుడూ చూడలేదు. వీధిలో పోయేవాళ్ళు ఆగారు. దేవుడి ఆవు మందుకి చర్మం జలదరించి పక్కకి జరిగితే, ఆయన దాని మూపురం నిమురుతూ ఏదో చెప్పారు. తర్వాత మా పెయ్య దగ్గరికి వచ్చారు. నేను గుంజ దగ్గర నిలబడి, చెవి వెనక, గంగడోలు మడత, తోక మొదలు అని ఒక్కో చోటూ వేలు పెట్టి చూపించాను. ఆయన నేను చూపించిన చోటల్లా వంగి కొట్టారు. నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. సంతోషంగానే ఉంది, దాచుకోను. కానీ ఎంత చూసినా కడుపు నిండలేదు.

సగంలో ఆయన నడుం పట్టుకుని నిలబడ్డారు. ముక్కుకున్న బట్ట కిందకి లాగి, వీధిలోవాళ్ళకి వినపడకుండా అన్నారు.

"ఆ రోజు గొయ్యి దగ్గర నేనన్నది తప్పేనమ్మా. నీ మనసులో అది ఇంకా ఉందా?"

"ఉందండీ," అన్నాను. "మా పెయ్య రక్తంలో రోగం ఉన్నట్టే ఉంది. పైకేం కనపడదు, మీకు మర్యాదలో లోటు రాదు. పోయిందని మాత్రం అనుకోకండి."

ఆయన బట్ట మళ్ళీ ముక్కు మీదకి లాక్కున్నారు.

"తొడల సందున ఇంకా తడవలేదండీ," అన్నాను.

ఆయన వంగారు.